అంచుల్లో పెన్సిలు

అద్దెకిచ్చే పుస్తకాల కొట్టు మాది,
అల్లిపురంలో, పిండిమర మేడ కింద.
పైనుంచి గోధుమపిండి, పోర్టు వైపు నుంచి బొగ్గుదుమ్ము,
రెండూ కలిసి అట్టల మీద బూడిదరంగులో వాలతాయి.
సోమలింగం గారి పుస్తకాల మీద మాత్రం వాలవు.
అవి కొట్లో ఉంటే కదా!

"ఉప్పు తక్కువైన కాపురం" మూడుసార్లు బైండింగు చేయించాను.
"తోడల్లుడికి తొమ్మిది లేఖలు" ఎవరో తోడల్లుడే కొట్టేశాడు.
జరిమానా కట్టమంటే
"నన్ను తిట్టిన పుస్తకానికి నేనే డబ్బులివ్వాలేటి?" అన్నాడు.

తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ దులిపి చూస్తాను.
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు టిక్కెట్లు,
ఎండిన కరివేపాకు రెబ్బ,
ఒకసారి పాలవాడి బాకీ చీటీ.
అసలు సరుకంతా అంచుల్లో ఉంటుంది.

నలభై రెండో పేజీలో
తడి తువ్వాలు మంచం మీద పడేసే మొగుడు.
పక్కనే బాణం గుర్తు, పెన్సిలుతో: "చదివారా?"
దాని కింద ఇంకో దస్తూరీ: "చదివాను. అచ్చం మీ అన్నయ్య."
మళ్ళీ మొదటి దస్తూరీ, కాగితం చిరిగేంత నొక్కి:
"మా అన్నయ్యకి తువ్వాలు ఆరేయడం వచ్చు."

కంచరపాలెం జంట ఒకటి
ఆర్నెల్లు అలా పుస్తకాల్లోనే కాపురం చేశారు.
ఆవిడ మంగళవారం, ఆయన శుక్రవారం.
చివరి పుస్తకం ఇద్దరూ కలిసి తెచ్చారు, స్కూటరు మీద.
తిప్పి తిప్పి చూశాను, అంచులన్నీ ఖాళీ.
సంతోషించాలి గానీ
పేరంటం అయిపోయిన ఇల్లులా ఏదోలా అనిపించింది.

ఓ ముసురు సాయంత్రం సోమలింగం గారే వచ్చారు.
పోర్టులో పద్దులు రాసి రిటైరైన మనిషి.
ఆయనకి గొడుగు మడవడం రాదు;
దాని మీద ఏడు పేజీలు రాశారు,
ఇప్పటికీ రాదు.
"నా పుస్తకాలే కావాలమ్మా. జనం గీతలు గీసినవి."
కొత్తదానికి సరుకు దొరకడం లేదట.
"ఇంట్లో ఏమీ జరగట్లేదు. ఇద్దరమే, ఇద్దరికీ షుగరు."
అద్దె తీసుకున్నాను. రచయితలకి రాయితీ లేదు.

బల్ల మీద కూర్చుని పోర్టు డైరీలోకి ఎక్కించుకున్నారు,
తనలో తను నవ్వుకుంటూ, బొటనవేలు తడి చేసుకుంటూ.
నూట పదహారో పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

అది ఉప్మా కథ.
తొమ్మిదిమంది చుట్టాల ముందు
పెళ్ళాం ఉప్పు మర్చిపోయిన కథ,
విశాఖలో చదవనివాళ్ళు లేని కథ.
అంచులో గుండ్రటి అక్షరాలు, పాలలెక్కలాంటి దస్తూరీ:
"ఆ పూట నాకు జ్వరం. నూట రెండు."
రెండు పేజీల తర్వాత: "ఈ మాట అన్నది నేను. మీరు కాదు."
ఇంకా కింద, చిన్నగా:
"ఇక్కడ మాత్రం నవ్వొచ్చింది."

సభ్యురాలు రెండువందల పన్నెండు, భ్రమరాంబ, రైల్వే న్యూకాలనీ.
ఇరవయ్యేళ్ళుగా ప్రతి గురువారం.
ఇంట్లో ఊరికే ఉంటాయి కదమ్మా, అద్దెకెందుకు అని
ఒకసారి అడిగాను.
"ఇంట్లోవాటి మీద రాస్తే ఆయన చూసేస్తారు" అంది.

ఆయన నన్నేమీ అడగలేదు.
పెన్సిలుందా అన్నారు. ఇచ్చాను.
చాలాసేపు పట్టింది, సంతకం మర్చిపోయిన మనిషిలా.
డైరీ బల్ల మీదే వదిలేసి
సగం మడిచిన గొడుగుతో వానలోకి దిగిపోయారు.

షట్టరు దించాక చూశాను.
"నూట రెండా?
నువ్వప్పుడు తొంభై తొమ్మిదన్నావు."

జ్ఞానాపురం మాస్టారు రెండుసార్లు అడిగిపోయాడు ఆ పుస్తకం.
బయటికెళ్ళిందని చెప్పాను.
నా కుర్చీ కిందే ఉంది.
ఈవేళ బుధవారం.