రెండు మిల్లీగ్రాముల చీకటి

అబర్డీన్‌లో జూన్.
రాత్రి పదకొండైనా ఆకాశం
కడిగి బోర్లించిన స్టీలు పళ్లెం.

"ఇది నిద్ర కాదు," అంది డాక్టర్ ఫర్కర్,
"పొద్దుగూకిందని ఒంటికి పంపే కబురు, అంతే.
మూడు వారాలు చూద్దాం."

కబురుని నీళ్లతో మింగాను.
ఒళ్లు నమ్మినట్టే ఉంది.
ఒక ఆవులింత, కాళ్లలో కాస్త బరువు.
ఎదురింటి పొగగొట్టం మీది సీగల్ మాత్రం నమ్మలేదు.
దాని అరుపుకి
తొంభై ఎనిమిదిలో ఒకరిని నేనన్న మాట
లేచి కూర్చుంది.
దానికి మాత్ర లేదట. అడిగాను.

పై వాటా మోరాగ్‌కి ఏమీ పనిచెయ్యలేదట.
"కానీ డబ్బాలో కాగితం మడతలు విప్పి చదువుతుంటే
రెండో పేజీలో కునుకు పట్టేసింది," అని ఒకటే నవ్వు.

నా లెక్క నోటుబుక్కులో ఉంది.
ఇరవయ్యొక్క రాత్రులు.
రాత్రికో పదిహేను నిమిషాలు ముందుగా,
కొన్నిసార్లు అదీ లేదు.

నవ్వకండి.
నాలుగింటికే వెలుగు
కర్టెన్ కిందనుంచి పిల్లిలా దూరే ఊళ్లో
గిన్నెడన్నం ఉడికేంత చీకటి
తక్కువేం కాదు.

డబ్బా అయిపోయింది.
రేపు వెళ్లి మళ్లీ మాత్రలే అడగాలో,
మందపాటి నల్ల కర్టెన్లు కొనాలో,
ఆ తొంభై ఎనిమిది మనిషికి
ఫోనే చెయ్యాలో