తోడివేత

అగనంపూడి నుంచి తిరుగు బస్సులో
గాజువాక దాటేదాకా పిన్ని మాట్లాడలేదు.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర
రేవు బొగ్గుధూళి కిటికీలోంచి ఒళ్ళో రాలుతుంటే
అడిగింది:
"ఏటే, మందుకి పదును సచ్చిపోనాదా?"

ల్యాబులో రోజూ చూసేదే నేను,
అయినా నోరు తడుముకుంది.

పదును కాదు పిన్నీ. మందు కత్తి కాదు, కబురు.
ప్రతి కణం అడుగునా పుట్టుకతోనే ఒక బిరడా ఉంటుంది,
మన బోటుకి ఉన్నట్టే.
తన పని అయిపోయిందనో, తనలో ఏదో చెడిందనో తెలిసిననాడు
అదే లాగేసుకుంటుంది.
చప్పుడు లేకుండా మునుగుతుంది,
పక్కదానికి తడి అంటదు.
మందు వెళ్ళి చెప్పేది ఆ ఒక్క మాటే: లాగెయ్.

"లాగలేదా మరి?"

మొదటి మూడు విడతల్లో చాలావి లాగాయి.
మిగిలినవి మొండిఘటాలు.
బిరడా మీదే చతికిలబడి
లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే
బయటికి తోడేస్తున్నాయి.

పిన్ని నవ్వింది, చాన్నాళ్ళకి.
"అయితే మీ బాబాయి లాటియ్యే."

ఆ యేటి తుఫానులో మూడు రాత్రులు
డొక్కు డబ్బాతో నీళ్ళు తోడి తోడి
నాలుగోనాడు పూడిమడక దగ్గర ఒడ్డెక్కాడు ఎల్లాజీ బాబాయి.
అరచేతుల్లో తోలు లేదు.
పెదజాలారిపేట మొత్తం డప్పులతో ఎదురెళ్ళింది.
ఆ మొండితనానికే కదా అప్పుడు కొబ్బరికాయ కొట్టాం.

చెయ్యి చాపి చూసుకుంటోంది పిన్ని,
యాభయ్యేళ్ళు వల బాగుచేసిన చెయ్యి.
కడుపులో ఉన్నప్పుడు ఇది వట్టి తెడ్డు, అన్నాను.
మధ్యవి చచ్చి తప్పుకుంటేనే అయిదు వేళ్ళయ్యాయి.
"వలకి కన్నుల్లాగ," అంది.
ఆ తర్వాత సిందియా దాకా ఏమీ లేదు,
ఆమె వేళ్ళు మూసి తెరవడం తప్ప.

సోమవారం, అందరూ భోజనానికెళ్ళాక
ల్యాబులోకి తీసుకెళ్ళాను. చెయ్యకూడని పని.
మైక్రోస్కోపు కింద ఆమె స్లైడే:
గులాబీ రంగు నేల, ఊదా గుంపులు, తోపులాట.
చాలాసేపు చూసింది.
చీకటిపడినా ఇసకలోంచి లేవని ఆడపిల్లల్ని పిలిచినట్టు
గొంతు తగ్గించి:
"ఒలే గుంటల్లారా, పొద్దోయింది.
ఆడింది సాలు. ఇల్లకెలిపోండే."

కొత్త మందు వచ్చే నెల.
బిరడా మీదివాటిని చెయ్యి పట్టి లేపుతుందట,
కొందరిలో.

"ఒకత్తి ఇన్నాదే," అంది పిన్ని, కన్ను తియ్యకుండానే.
స్లైడు మీద ఏదీ కదలదు, రంగేసి ఎప్పుడో బిగించేసినవి.
తెలిసీ
నేనూ వంగి చూశాను.