వాహనం రకం

డోన్ రవాణా ఆఫీసులో
మూడో కిటికీ నాది.
పదకొండేళ్ళుగా ఒకే గడిలో రాస్తున్నా:
మోటారు సైకిలు, ట్రాక్టరు, ఆటో, లారీ.
ఈ మాటల్లో పట్టనిదేదీ
రోడ్డెక్కదనే అనుకున్నా.

ఒక సోమవారం, టీ రాకముందు,
గేటు కాడ ఎవరో దగ్గినారు.
దగ్గింది మనిషి కాదు.

ముందర లూనా చక్రం ఒకటి.
వెనక పాత జీపువి రెండు, అందులో ఒకటి కురచ.
నిలబెడితే బండి
ఏదో వినడానికి చెవి ఒగ్గినట్టు వాలిపోతుంది.
అందుకే ఆపిన ప్రతిసారీ ఆ చక్రం కింద
ఒక నాపరాయి తునక దోపుతుంది ఉసేనమ్మ.
నెత్తిన ఇంకా వెల్డింగు అద్దాలు,
ముంజేతుల మీద నిప్పురవ్వల చుక్కలు.
బండి మీద మద్దిలేటి,
తెల్ల చొక్కా, మోకాళ్ళ కింద మడిచి కుట్టిన ప్యాంటు.

"ఇంజను నంబరు?"
"అరిగిపోయిండాది సారూ.
ప్యాపిలి కాడ లింగన్న బాయి మీది ఆయిలింజను.
నీళ్ళడుగంటినాక
ఆరేండ్లు సొప్పవాము కింద పండుకోనుండె.
నేనే లేపినా."

"చాసిస్?"
"మంచం."
పెన్ను ఆగింది.
"పెద్దాసుపత్రి వేలంలో తెస్తి సారూ, ఇనపది."
నేను నాలుగు నెలలు పండుకున్న మంచం అదే,
అన్నాడు మద్దిలేటి.
కాదులేప్పా, అట్లాంటివి నూరుంటాయి, అందామె.
దారి పొడుగునా ఇదే తగవు అయ్యుంటుంది.

సీటు మంగలి సుంకన్న కుర్చీ.
సెలూనుకు కొత్తవి వచ్చినాక
పాతది ఎండకు వేసినాడట.
"అదెందుకు?" అన్నా.
మద్దిలేటి జవాబు చెప్పలేదు.
పక్కనున్న పిడి పట్టి
నీళ్ళ పంపు కొట్టినట్టు కొట్టినాడు.
ఒక్కో కొట్టుకు ఒక్కో అంగుళం
మనిషి పైకి లేస్తున్నాడు.
గుమాస్తాలం అందరం ఫైళ్ళు వదిలి చూస్తున్నాం.
కిటికీ చువ్వలు దాటి
నా కళ్ళకు ఎదురుగా వచ్చి ఆగినాడు.
"ఐదడుగుల ఆరంగుళాలు సారూ.
బండ పడకముందు నా ఎత్తు."

బేతంచెర్ల ఫ్యాక్టరీలో
పాలిష్ మిషను సరిగ్గా ఆ ఎత్తులోనే ఉందట.
మిషనును దించమంటే ఓనరు దించలేదట.
"అందుకని ఈయప్పనే ఎత్తినా," అంది ఉసేనమ్మ,
ధర చెప్పినంత మామూలుగా.

అప్పుడు చూసినా నా కిటికీని.
దాన్ని కట్టినోడు
నిలబడే మనుషుల్నే లెక్కేసుకున్నాడు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చుట్టూ తిరిగినాడు.
హారను కొట్టి చూసినాడు,
అది ఐసుబండి గంట.
వంగి కింద చూసి లేచినాడు, ముఖంలో మెచ్చుకోలు,
నోట్లో మాత్రం రూలు.
"రివర్సు గేరేదమ్మా?"
"ల్యాదు సారూ. ఆ పళ్ళచక్రం దొరకల్యా."
"మరి వెనక్కి తిప్పల్లంటే?"
"నలుగుర్ని పిలుస్తాం."

ఎర్ర సిరాతో, తిరస్కరించడమైనది.
సంతకం, తేదీ, సీలు.
ఉసేనమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.
గొణగలేదు, బతిమాలలేదు.
"గేరుకు కర్నూలు పాతసామాను కొట్లన్నీ తిరిగొస్తా,
వచ్చే నెల చూడండి," అంది.

బండి మూతి మా గోడ వైపుంది.
తిప్పాలంటే నలుగురు కావాల.
టీ పిల్లోడు ఒక కొస, నేనొక కొస,
లైసెన్సు కొచ్చిన లారీ డ్రైవరు ఇంకో కొస.
నాలుగో కొసకు
ఎర్ర సిరా పెన్ను జేబులో పెట్టుకుని
ఇన్‌స్పెక్టరే వచ్చినాడు.
"ఓ పట్టు పట్టండప్పా" అని మద్దిలేటి పైనుంచి,
పెళ్ళి పెద్ద మాదిరి.

ఆ దగ్గు రైల్వే గేటు దాకా వినబడింది.

దోపుడు రాయి మాత్రం ఇక్కడే మరిచిపోయినారు.
ఒక పక్క గరుకు,
ఇంకో పక్క అద్దమంత నునుపు.
ఫ్యాను వేసినప్పుడు
కాగితాల మీద పెడుతున్నా.
వచ్చే నెల వాళ్ళొస్తే ఇచ్చెయ్యల్ల.