లామినేషన్ మీద పెన్సిల్

సొహార్‌లో ఆ తెల్లవారుజామున
సముద్రం వాసన మారింది.
తడిసిన గోనెసంచి, దాని వెనకే
కోసి మరిచిపోయిన దోసకాయ.
ప్లాంటు గేటు దగ్గర వల దులుపుతూ
ఖల్ఫాన్ అన్నాడు:
"సుహైల్ చుక్క పొడిచింది. ఇక నీళ్ళు ఎర్రబడతాయి."

పన్నెండేళ్ళ కిందటి మాట.
ల్యాబులో సీసాలు కడిగేవాణ్ణి అప్పుడు.
"చుక్కను చూసి పంపులు నడుపుతామా?"
షిఫ్టు పెద్ద వర్గీస్ సార్ నవ్వాడు.
నేనూ నవ్వాను,
నా ఓవర్‌టైం కాగితం మీద సంతకం ఆయనదే గనక.
కానీ డైరీలో రాసుకున్నాను
చుక్క తేదీ, ఎరుపు తేదీ.
నాలుగేళ్ళలో మూడుసార్లు ముసలాయన మాట నిలిచింది.
ఒకసారి నిలవలేదు.
ఆ ఒక్కసారినీ రాశాను
అదే సిరాతో, అంతే పెద్ద అక్షరాలతో.

కోరుట్లలో మా అమ్మ బీడీలు చుట్టేది.
వెయ్యి అయ్యాక
కట్టలు విప్పి మొదటినుంచి లెక్కపెట్టేది.
నమ్మకం లేదా అంటే
"నా చేతి మీద నాకు నమ్మకమే బిడ్డా,
అందుకే మళ్ళ లెక్కవెడుతున్న."
ఆ మాట నాకు అర్థమైంది
సముద్రం దాటి వచ్చాక, వడపోత కాగితం ముందు.

పావుగంట పరీక్ష అది.
అరచేతిలో ఇమిడే తెల్ల కాగితం గుండా
సముద్రాన్ని తోస్తాం.
చివరికి కాగితం మీద మిగిలే మరక
ఆ పూట సముద్రం పెట్టిన వేలిముద్ర.

నీళ్ళు ఎర్రబడితే క్లోరిన్ పెంచమంది పుస్తకం.
పెంచాం. పొరలు పూడుకుపోయాయి.
ఇంకా పెంచాం. ఊరి కుళాయిలు సగమయ్యాయి.
"అంటే, ఇంకా చాలలేదన్నమాట" అన్నాడు సార్.
ఓడిన ప్రతిసారీ మరింత గట్టిపడే మాటకు
ఏమని పేరు పెట్టాలో తెలీదు నాకు.
అనుమానం మాత్రం పళ్ళ సందున పీచులా ఉండిపోయింది.

ఆ రాత్రి రెండు సీసాలు పెట్టాను,
ఒకదాంట్లో క్లోరిన్, ఒకదాంట్లో ఉత్త సముద్రం.
మైక్రోస్కోపులో కన్ను ఆనించగానే
నా నడుము నొప్పి నాకు గుర్తులేదు.
నాలుగేసి కణాలు చేతులు పట్టుకుని
గిరగిరా ఈదుతున్నాయి, పెళ్ళి ఊరేగింపులో పిల్లల్లా.
రెండో సీసాలో పిల్లలు లేరు.
పగిలిన చిప్పలు, వాటి చుట్టూ జిగురు.
మేం చంపుతున్నాం,
ఆ జిగురునంతా మా పొరల మీద మేమే పూస్తున్నాం.
ఎవరికైనా చెప్పాలి!
తెల్లవారుజామున మూడున్నర.
క్యాంటీన్ పిల్లికి చెప్పాను.

వర్గీస్ సార్ రెండు రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు తనే వచ్చి
ఒక్క లైనులో క్లోరిన్ వాల్వు కట్టేశాడు.
"ఒక్క లైనే. రెండోది అలాగే ఉండనీ,
లేకపోతే నువ్వు గెలిచావని ఎలా తెలుస్తుంది?"
ఆయన మీద నాకున్న కోపం సగం ఆ వాక్యంలో కరిగింది.

తర్వాత ఆ కాగితం గోడకెక్కింది:
ఎర్రనీళ్ళొస్తే క్లోరిన్ ఆపాలి.
కింద నా పేరు, పైన మెరిసే ప్లాస్టిక్.

ఈ ఏడు మైథా వచ్చింది నా బల్ల దగ్గరికి,
ఇబ్రీ పిల్ల, చేరి ఏడాది కాలేదు.
పద్నాలుగు రోజుల అంకెలు చేతిలో.
"సార్, ఈసారి క్లోరిన్ ఆపిన లైనే ముందు పూడుతోంది.
ఇది మీరు చూసిన ప్రాణి కాదేమో."
తల ఎత్తకుండా అన్నాను:
"గోడ మీద రాసుంది, చూడు."

అన్నాక విన్నాను.
ఆ గొంతు వర్గీస్ సార్‌ది.
ఆయన కొట్టాయం వెళ్ళి ఆరేళ్ళు.
కుర్చీ ఒక్కటే వదిలి వెళ్ళాడనుకున్నాను.

మైథా వెళ్ళిపోలేదు, అదృష్టం.
లేచి గోడ దగ్గరికెళ్ళాను,
నా వాక్యం పక్కన ఒక ప్రశ్నార్థకం పెడదామని.
లామినేషన్ మీద పెన్సిల్ రాయదు.
రెండుసార్లు గీశాను, జారిపోయింది.
అప్పుడు గోరుతో అంచు లేపాను.
సున్నం పెచ్చుతో సహా ఊడివచ్చింది.

ఆ అమ్మాయిదే నిజమని కాదు.
పద్నాలుగు రోజులు ఏపాటి?
పరికరం తప్పయుండొచ్చు, పంపు తప్పయుండొచ్చు,
నేను తప్పయుండొచ్చు.
రెండు సీసాలు కడిగాను, పాత అలవాటు.
కొత్త కాగితం బిగించాను.

మైథా స్టాప్‌వాచ్ నొక్కింది.
పావుగంట.
ఇద్దరం మాట్లాడకుండా
తెల్ల కాగితం వైపే చూస్తున్నాం.