గాజుపలక

ముందు చూసింది నూకరత్నమే.
"ఏటయ్యా, కాళ్ల మీద కారం సల్లుకున్నావా?"
చీలమండకి పైన, పిక్కకి కింద,
చిటికెడు ఎండుకారం జల్లినట్టు చుక్కలు.
సున్నిపిండితో రుద్దాను. కొబ్బరిపీచుతో రుద్దాను.
పోలేదు.
దురద లేదు, నొప్పి లేదు,
పనేమీ లేని చుట్టంలా వచ్చి కూర్చుంది రంగు.

నెల తిరిగేసరికి చుక్కలు కలిసి మచ్చయ్యాయి,
అంచుల్లో ఇటిక రంగు, మధ్యలో పాత బెల్లం.

నాకు తెలియని రంగు కాదది.
ముప్పై ఒక్క ఏళ్లు డ్రైడాక్‌లో
ఓడల పొట్టల కింద నిలబడి
సుత్తి పెట్టి రాల్చింది దాన్నే.
కనుబొమల్లో, చెవి మడతల్లో,
క్యారేజీ విప్పితే పెరుగన్నం మీద కూడా అదే.
ఓడ మాత్రం ఎర్ర రంగు పూసుకుని
డాల్ఫిన్స్ నోస్ దాటి వెళ్లిపోయేది,
వెనక్కి చూడకుండా.

ఈ ఊళ్లో తుప్పుకి అడ్డేముంది?
గేటుకి, ఫ్యాను రెక్కకి, దేవుడి పటం వేలాడే మేకుకి
ఉప్పుగాలి వాటా పంచుతూనే ఉంటుంది.
నా వాటా ఆలస్యమైంది, అంతే అనుకున్నాను.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీ కొట్లో
అప్పలకొండ నా కాళ్లకేసి చూశాడు.
ఏమీ అనలేదు.
తన గ్లాసు మాత్రం బెత్తెడు దూరం జరిపాడు.
ఇరవై ఏళ్లు ఒకే బీడీ పంచుకున్నవాడు.

ఆ బెత్తెడు దూరమే నన్ను కేజీహెచ్‌కి తీసుకెళ్లింది.

చర్మం ఓపీలో డాక్టరమ్మ, మా చిన్నదాని వయసుంటుంది.
సన్నటి గాజుపలక తీసి
మచ్చ మీద ఆనించి నొక్కింది.
వంగి చూసింది. నన్నూ చూడమంది.
"నొక్కితే తెల్లబడితే రక్తం ఇంకా దారిలోనే ఉన్నట్టు.
ఇది తెల్లబడలేదు చూడండి. దారి దాటేసింది."

వెంట్రుక కన్నా సన్నటి నాళాలట.
వాటికి వాపొచ్చి, గోడలు వదులై
లోపల్లోపలే చెమరుస్తున్నాయట.
కారిన రక్తం ఇంకిపోతుంది గానీ
అందులో ఇనుము ఉంటుందే,
అది చర్మం కింద ఉండిపోతుందట.

"అయితే తుప్పేనా తల్లీ?"
నవ్వబోయి ఆగింది. కలం పక్కన పెట్టింది.
"ఒక రకంగా అదే."

రక్తం తీశారు, కణాలు లెక్కపెట్టారు, బాగున్నాయన్నారు.
అంటుకునేది కాదు, ప్రాణానికి భయం లేదు.
పోతుందా అంటే మాత్రం
కిటికీలోంచి బయటికి చూసింది.
బిగువు మేజోళ్లు, కాళ్ల కింద దిండు,
ఎక్కువసేపు నిలబడొద్దు.
ఈ ఆఖరి మాట ముప్పై ఏళ్ల కిందట
మా సూపర్‌వైజరుకి చెప్పాల్సింది.

మెట్లు దిగుతుంటే మేస్త్రీ భూలోకం గుర్తొచ్చాడు.
పాత ఓడ పొట్ట మీద అరచెయ్యి పెట్టి అనేవాడు:
"ధార కడితే లీకు.
తడి మాత్రమే తగిలితే, రివెట్ ఏడుస్తోందిరా.
ఏడ్చేదాన్ని సుత్తితో కొట్టకు."

ఆ రాత్రి పీచు ముట్టుకోలేదు.
కాళ్లు దిండు మీద పెట్టుకుని
చీటీలో ఉన్నదంతా నూకరత్నానికి చెప్పాను.
నాళాలు, ఇనుము, నిలబడ్డం.
కందిపప్పు ఏరుతూ వింది.
చేట పక్కన పెట్టింది.
చీర కుచ్చిళ్లు పిక్కల దాకా ఎత్తింది.

కారం. ఇటిక. పాత బెల్లం.
పూర్ణా మార్కెట్లో ఎండుచేపల గంప ముందు
ఇరవై ఆరేళ్లు నిలబడ్డ కాళ్లు.

"ఎప్పటినుంచే?"
"సిన్నదాని పెళ్లికి ముందునుంచీ."
"చెప్పలేదేం?"
"నీ కాళ్లయితే నాను సూసినాను గదా," అంది.

నాకు మాట రాలేదు.
మంచం కింది గాజుగ్లాసు తీసి, నీళ్లు పారబోసి
దాని అడుగు ఆమె పిక్క మీద ఆనించాను,
మెల్లగా నొక్కాను.
బల్బు కిందికి వంగి ఇద్దరం చూశాం.

తెల్లబడలేదు.

గ్లాసు తియ్యలేదు నేను, చాలాసేపు.