కొంచెం అధ్వానం

గురువారం సాయంత్రం ఏడింటికి
కుషిరో ఓడరేవు వెనకాల, చేపల డబ్బాల కంపెనీ మేడమీద
మా ఇంగ్లీషు తరగతి.
ఎండాకాలం విహారనౌకలు వస్తాయి,
టాక్సీవాళ్ళకి నాలుగు ముక్కలు రావాలన్నాడు మా యజమాని.
ఊళ్ళో దొరికింది మాత్రం వ్యాపార ఇంగ్లీషే.
అరవై మూడేళ్ళ నా నాలుకకి
"స్టేషన్ అటువైపు" అనడం రాకముందే
ఇన్‌ఫ్లేషన్ పట్టుబడింది.

మారిసెల్ టీచరుది సెబూ.
మంచు మీద ఇప్పటికీ తడినేల మీద పిల్లిలా నడుస్తుంది.
వారానికో వార్త కత్తిరించి తెస్తుంది.
ఇవాళ్టిది: వినియోగదారుల సెంటిమెంట్ పడిపోయింది,
సున్నా పాయింట్ నాలుగు.

పడడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో!
స్లిప్ అంటే జారడం,
డిప్ అంటే మునిగి మళ్ళీ లేవడం,
ప్లంజ్ అంటే నిట్టనిలువునా దూకేయడం,
స్లంప్ అంటే... టీచరు కుర్చీలో కూలబడి చూపించింది.
"మన ఊరు," అంది చినామి, కింద లెక్కలు రాసే పిల్ల.
ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం నవ్వాం.

హెడ్‌విండ్ నాకెవరూ చెప్పక్కర్లేదు,
తీరం రోడ్డు మీద ఎదురుగాలికి
స్టీరింగు రెండు చేతులా అదిమిపట్టినవాణ్ణి.
స్టికీ ప్రైసెస్ అంటే ఎక్కాక దిగని ధరలట,
వేలికంటిన అన్నం మెతుకులు.
డిస్క్రీషనరీ: లేకపోయినా గడిచిపోయే ఖర్చు.
ఉదాహరణ చెప్పమంది.
"టాక్సీ," అన్నాను.

కళ్ళజోడు సవరించుకుని అడుగున సన్నక్షరాలు చదివితే
ఇళ్ళకి ఫోన్లు చేసి, అడిగి కట్టిన లెక్కట.
జనవరిలో నాకూ వచ్చింది ఆ ఫోను.
గొంతులో జలుబున్న కుర్రాడెవరో
వచ్చే ఆరు నెలలూ మీ బతుకెలా ఉంటుందండీ,
ఐదింట్లో ఒకటి చెప్పండి, అన్నాడు.
బాగుంటుంది, కొంచెం బాగుంటుంది, ఇలాగే ఉంటుంది,
కొంచెం అధ్వానం, అధ్వానం.

ఆ రోజు సోమవారం.
సోమవారం పదింటికి కువానో ఫుసాయే గారిని
స్నానశాలకి తీసుకెళ్ళాలి. పదకొండేళ్ళుగా అంతే.
బస్సు ఆవిడ గుమ్మం ముందే ఆగుతుంది, అయినా టాక్సీయే.
చేపబొమ్మ పర్సులోంచి నాణేలు ఒక్కొక్కటే తీసి
"వేణ్నీళ్ళు ఒంటికి, నీ కబుర్లు చెవికి" అనేవారు.
ఆ సోమవారం తలుపు తీసింది ఆవిడ చెల్లెలు.
నల్లబట్టలు.
మీటరు వేయకుండా స్నానశాల దాకా వెళ్ళాను.
ఎందుకో తెలీదు, వెళ్ళాను.
అక్కడ ఇంజనాపి కూర్చున్నప్పుడు మోగింది ఫోను.

కొంచెం అధ్వానం, అన్నాను.
ఆ "కొంచెం" మర్యాద కోసం.
ఎందుకని అడగలేదు కుర్రాడు,
వాడి కాగితంలో ఆ గడి లేదు.

ఇవాళ బల్ల మీద ఆ సున్నా పాయింట్ నాలుగు.
తెలిసినవాళ్ళు కారణాలు రాశారు,
కిరసనాయిలు ధర, యెన్ నీరసం, దూరదేశపు సుంకాలు.
దశాంశానికి చాలా అవతల, ఎవరూ రాయని అంకెల్లో
ఒక చేపబొమ్మ పర్సు ఉంది.
చెబుదామనుకున్నాను.
నాకొచ్చిన ఇంగ్లీషులో ఎగుమతి ఉంది, దిగుమతి ఉంది,
ఫుసాయే గారికి చోటు లేదు.

"సెంటిమెంట్‌తో ఒక వాక్యం, ఒకుయామా-సాన్."
మూడుసార్లు కొట్టేసి రాశాను:
మై కస్టమర్ ఈజ్ డౌన్ బై వన్.
"ఇందులో సెంటిమెంట్ ఏ..." అనబోయి
టీచరు నా మొహం చూసింది.
ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

మెట్లు దిగేసరికి వీధంతా గడ్డకట్టి ఉంది.
రండి, దింపేస్తాను, మీటరు వేయను అన్నాను.
కారు తలుపు దాకా వచ్చి కాలు జారి కూలబడింది.
"స్లిప్," అన్నాను, చెయ్యందిస్తూ.
"కాదు," అంది,
నా చెయ్యి పట్టుకుని, కోటు దులుపుకుని లేస్తూ,
"డిప్."