అదనపు సమాచారం

పదో తరగతి దగ్గర మాత్రం
నా మార్కుల కాగితం మెట్టు విరిగిన నిచ్చెన.
తొమ్మిదిలో అన్నీ ఏలు.
పదిలో ఒక బీ, మూడు సీలు, కెమిస్ట్రీలో డీ.
పదకొండులో మళ్లీ ఏలు, ఏమీ ఎరగనట్టు.
మా ఇంట్లో సీ అంటే ఛీ అనే వినిపిస్తుంది.
డీనైతే నాన్న ఒత్తు పెట్టి మరీ చదువుతాడు.

మిసెస్ లిండ్‌క్విస్ట్ గదిలో హీటరు బుసకొడుతోంది.
పెన్సిలుతో మూడు గళ్లు గీసింది:
అందనివి, అందేవి, అడక్కుండానే అందేవి.
నాకిష్టమైన కాలేజీ పేరు మొదటి గడిలో రాసి
రబ్బరు ముక్క పక్కనే పెట్టుకుంది.
"వందలో పన్నెండు," అంది.
కాసేపాగి, "పదిహేను అనుకుందాం" అంది,
బెండకాయల మీద కొసరు వేసినట్టు.

"ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయారా?"
లేదు.
"జబ్బులు? విడాకులు? ఇల్లు మారడం?"
లేదు. లేదు. లేదు.
ఒక్కో లేదుకీ ఆవిడ మొహం కాస్త వాడింది.
నాకూ సిగ్గేసింది,
కష్టమేదీ లేకుండా పడిపోయినందుకు.

అప్లికేషన్ చివర ఒక పెట్టె ఉంటుంది,
ఇంకేమైనా చెప్పుకోవాలంటే చెప్పుకోమని.
మూడువందల మాటలు పడతాయి.
మూడు రాత్రులు దాని ముందు కూచున్నాను.
కర్సరు కన్ను కొడుతూనే ఉంది.

మందుల షాపులో డ్యూటీ దిగి వచ్చిన అమ్మ
తెల్లకోటు విప్పకుండానే వెనక నిలబడింది.
"నా ఆపరేషన్ సంగతి రాయవే."
అది నేను ఎనిమిదిలో ఉన్నప్పుడమ్మా.
"అయితేనేం, మచ్చ ఇంకా ఉందిగా."

పెళ్లికెళ్తుంటే మెళ్లో గొలుసు తీసి వేసినట్టు
అమ్మ తన మచ్చ నాకు ఇవ్వబోయింది,
జాగ్రత్త, మళ్లీ తెచ్చియ్యి అనైనా అనకుండా.
నేను తీసుకోలేదు.

నిజం చాలా చిన్నది.
సెప్టెంబరులో ఒక బుధవారం
నాలుగో పీరియడ్ ఎగ్గొట్టి
డులూత్ కాలువ గట్టున బస్సు దిగాను.
ఓడొకటి వస్తోంది.
ఒక పొడుగు కూత, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి.
వంతెన అదే కూత తిరిగి కూసింది.
రోడ్డు రోడ్డంతా పళ్లెంలా పైకి లేచింది.
కార్లు ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు.
ఆగిపోవడం తప్పు కాని చోటు
ఊరు మొత్తానికి అదొక్కటే అనిపించింది.
మర్నాడూ వెళ్లాను.

అంతే. ఎవరూ పోలేదు.
గట్టు మీద రాలిన ఇనప గుళ్లు ఏరి
కోటు జేబులు చిరిగేదాకా నింపుకున్నాను.
ఓడల పేర్లు కెమిస్ట్రీ నోట్సులో రాసుకున్నాను.
అందుకే ఆ పుస్తకం మాత్రం నిండుగా ఉంది.
జనవరిలో నీళ్లు గడ్డకట్టాక ఓడలు రావు,
అప్పుడు క్లాసుకి వెళ్లచ్చు.
వెళ్లలేదు.
అదెందుకో నాకూ తెలీదు.

పెట్టెలో ఒక్క వాక్యం రాశాను:
పదో తరగతిలో నేను నూట పదకొండు ఓడల్ని చూశాను.
ఇంకా రెండువందల తొంభైమూడు మాటలున్నాయని
పెట్టె గుర్తుచేసింది.

అమ్మ చదివింది.
"నూట పదకొండా!"
అరవబోయి, ఎందుకో ఆగి,
"ఆ చలిలో ఏం తిన్నావే?" అంది.

డిసెంబరు ఆఖరి ఆదివారం
తనే కారు తాళాలు తీసింది.
గట్టు మీద గాలి చెవులు కోస్తోంది.
తెల్లకోటు, దాని మీద నాన్న కోటు, దాని మీద శాలువా.
లేటైన బస్సు కోసం చూసినట్టు
వాచీ వంక చూస్తూ, విసుక్కుంటూ, ఓడ కోసం చూసింది.

కూత. మారు కూత. రోడ్డు లేచింది.
లైట్లు వేసుకున్న ఒక వీధంత ఓడ
చెయ్యి చాపితే తగిలేలా మా ముందు నించి పోయింది.
అమ్మ చెయ్యి పక్కటెముకల కింద
మచ్చ ఉన్నచోట ఆగింది.
చాలాసేపటికి అడిగింది:
"ఇది నూట పన్నెండోదా?"

తెలీదమ్మా.
పదకొండులో లెక్కపెట్టడం మానేశాను.
ఆ ఏడాది అన్నీ ఏలే.